రేడియేటర్‌లో పిడికెడు పసుపు

మా రేడియేటర్ మేస్త్రి పోయాడన్న కబురు ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో వచ్చింది. ల్యాబ్‌లో నా ఎదురుగా బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూర్చొని ఉన్నాడు. ఫోన్ మూడుసార్లు మోగితే మూడుసార్లూ కట్ చేశాను. నాలుగోసారి ఎత్తాను. మేస్త్రి భార్య. నేనామెను చిన్నమ్మా అంటాను. "మీ కాక పోయిండు బిడ్డా. పొద్దుగాల మంచినీళ్లడిగిండు. నేను చెంబు తెచ్చేలోపట్నే అయిపోయింది," అన్నది. ఏడవలేదు. ఎవరికో ఇంకా ఫోన్ చెయ్యాలని పెట్టేసింది.

నేను వెళ్లాలని ఎగ్జామినర్‌తో చెప్పాను. పోయినాయన బంధువా అని అడిగాడు. కాదన్నాను. అయితే ఈ బ్యాచ్ అయ్యాక వెళ్లండి మేడం అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. బ్యాచ్ అయ్యేసరికి రెండు దాటింది. నేను ఎనుమాముల చేరేసరికి వాకిట్లో కడిగిన తడి తప్ప ఏమీ మిగల్లేదు. ఆఖరిచూపు దక్కలేదు. బంధువు కాదని నా నోటితో నేనే అన్నాను కదా, ఇంకెవరిని అనాలి?

ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే దుఃఖం కన్నా ముందు కోపం వస్తోంది. ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం దాచుకోవాలంటారు. నా వల్ల కాదు. పైగా ఇందులో నేను చేసిన ఒక తప్పు చెప్పాల్సి ఉంది. ఆ తప్పు ఇన్నాళ్లూ ఆయన పేరు మీద నడిచింది.

ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే దారిలో, పత్తి లారీలు బారులు తీరే చోట ఆయన షెడ్డు ఉండేది. మిర్చి సీజన్‌లో అక్కడ నిలబడితే తుమ్ములు ఆగవు. ఆయన మాత్రం ఎన్నడూ తుమ్మినట్టు చూడలేదు. షెడ్డులో ఒక సిమెంటు తొట్టి, నిండా నీళ్లు. పక్కన గాలి కొట్టే మిషను, రకరకాల రబ్బరు బిరడాలు, టంకం పెట్టే కడ్డీలు, టంకం పట్టడానికి రుద్దే నవసాగరం డబ్బా. బల్ల మీద ఎప్పుడూ ఒక ఇత్తడి రేడియేటర్ వెల్లకిలా పడి ఉండేది. కొత్త బండ్లకు అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లు వచ్చాక అవి కూడా తగ్గిపోయాయి. కొత్తవి పాడైతే పారేయడమే, టంకం పట్టదు. "బాగుచేస్తానికి రానిదాన్ని ఎట్ల చేసిండ్రు బిడ్డా?" అని నన్ను అడిగేవాడు, అవన్నీ నేనే తయారు చేసినట్టు.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పేది ఇదే సంగతి. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా పోతుంది, ఎందుకు పోదు. పన్నెండేళ్ల కింద మా ల్యాబ్ ఇంజన్ రేడియేటర్ కారుతుంటే స్టోర్ కీపర్ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే పని అయిపోయింది. తీసుకెళ్తానంటే ఇవ్వలేదు. అన్ని రంధ్రాలూ బిరడాలతో మూసి, గాలి పట్టించి, తొట్టిలో ముంచి, నన్ను వంగి చూడమన్నాడు. ఆయన దగ్గర అదొక పద్ధతి. తను చూసి బాగుంది అంటే చాలదు. బండి ఎవరిదో వాళ్లు వంగి, నీళ్ల మీద ముఖం పెట్టి, బుడగ రావట్లేదని తమ కళ్లతో చూస్తేనే రేడియేటర్ చేతికిచ్చేవాడు. ఎంత తొందరలో ఉన్న లారీ డ్రైవరైనా సరే, వంగాల్సిందే.

"మీరు చూశారు కదా, చాలు," అన్నాను.

"నా కండ్లు నాకు పనికొస్తయ్. తొవ్వల కారితే నేను ఉంటనా? నీ కండ్లు నీకు పనికి రావాలె."

చీర కుచ్చిళ్లు పట్టుకొని అరగంట సేపు ఆ తొట్టిలోకి చూశాను. నిజానికి అది ఐదు నిమిషాలే అయి ఉంటుంది. బుడగ రాలేదు. బుడగ అబద్ధమాడదు అనేది ఆయన మాట. మనుషుల గురించి అంత నమ్మకంగా ఎన్నడూ మాట్లాడలేదు.

అక్కడి నుంచి రాకపోకలు మొదలయ్యాయి. ఆయనను కాకా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు. నేను నచ్చే మాట మాట్లాడితే బిడ్డా అనేవాడు, నచ్చని మాట మాట్లాడితే మేడం అనేవాడు. మేడం అన్నాడంటే ఆ రోజుకు ఇక చాయ్ కూడా రాదు. చాయ్ సాసర్లో పోసుకొని తాగేవాడు. కళ్లద్దాలు నూలు పోగుతో మెడకు కట్టుకునేవాడు. ఫోన్ ఉండేది గాని ఎత్తేవాడు కాదు. ఎందుకెత్తవు కాకా అంటే, చేతికి టంకం ఉన్నప్పుడు మోగుతుంది, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు మోగదు, నా తప్పా అనేవాడు.

వాళ్లది మగ్గాల ఇల్లు. తండ్రి జంపఖానాలు నేసేవాడు. గుంటలో కాళ్లు పెట్టుకొని పొద్దంతా కూర్చోవడం తన వల్ల కాక ఈ పనిలో పడ్డానని చెప్పేవాడు. పడ్డాడే గాని మగ్గాన్ని వదల్లేదు. రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న మడ్డిని పొడిచి తీయడానికి బజార్లో దొరికే కడ్డీలు వాడేవాడు కాదు. మగ్గం మీద పోగులను విడదీసే దువ్వెన లాంటి చట్రం ఉంటుంది. పాత చట్రాలు విప్పి, వాటి సన్నని ఉక్కు రేకులతో గొట్టాలు శుభ్రం చేసేవాడు. రేకు పల్చగా, నున్నగా, వంగేటట్టు ఉంటుంది. చదునుగా ఉండే గొట్టంలోకి అదొక్కటే సరిగ్గా దిగుతుంది. ఈ సంగతి మా కాలేజీలో ఎవరికీ తెలియదు. నేను కూడా ఎక్కడా రాసి పెట్టలేదు. ఎన్ని పేపర్లు రాశానో, అందులో ఎన్ని ఎవరికైనా పనికొచ్చాయో అడగకండి.

ఇక అసలు కథ. సుబేదారిలో ఒక రిటైరైన డాక్టర్ గారికి తాతల నాటి మోటారు కారు ఉంది. వందేళ్ల కిందిది. మడతపెట్టే గుడ్డ టాపు, కట్టె చువ్వల చక్రాలు, ముందు నిటారుగా నిలబడ్డ ఇత్తడి రేడియేటర్. రేడియేటర్ మూత మీదే చిన్న గాజు థర్మామీటర్ నిలబడి ఉంటుంది. నడిపేవాడు సీట్లో కూర్చొని దాన్ని చూస్తూ నడపాలి. ఆ కార్లో నీళ్లు తిప్పే పంపు లేదు. ఇంజన్ దగ్గర వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, రేడియేటర్‌లో చల్లబడి బరువై కిందికి దిగుతాయి. అంతా ఆ నీళ్ల దయ మీద నడిచే వ్యవహారం. డాక్టర్ గారు ఎంతో ఖర్చు పెట్టి ఇంజన్ బాగు చేయించారు. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు మాత్రం సగంలో ఉడికిపోతుంది.

డాక్టర్ గారు నన్ను పిలిచారు. నేను మేస్త్రిని తీసుకెళ్లాను. ఆయన ఆ రేడియేటర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతి వెనక భాగం ఆనించి ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడిమాడు. తర్వాత డాక్టర్ గారితో, దీనికి రోగం లేదు సారు, ఊపిరాడ్తలేదంతే అన్నాడు. డాక్టర్ గారు నవ్వి, బాగు కాకపోతే హైదరాబాద్ నుంచి అల్యూమినియం రేడియేటర్, కరెంటు ఫ్యాను తెప్పిస్తానని, పాతది పాత సామాను వాడికి ఇచ్చేస్తానని మామూలుగా చెప్పారు. మేస్త్రి ముఖం చూశాను. తిరుగు దారిలో ఒకే మాట అన్నాడు. "ఇది కాంటా మీదికి పోవద్దు బిడ్డా. ఇసొంటిది మళ్ల నా చేతికి రాదు."

అప్పటి నుంచి మా ఇద్దరికీ పోట్లాటే. ఏ గొట్టాల్లో నీళ్లు పారుతున్నాయో, ఏవి మూసుకుపోయాయో ముందు తెలియాలి. నేను ల్యాబ్ నుంచి గురిపెట్టి చూసే థర్మామీటర్ తెచ్చాను. కరోనా రోజుల్లో అందరి నుదుటికీ పెట్టిన తుపాకీ లాంటిదే, కాస్త పెద్దది. ఇంజన్ నడిపి, గళ్లు గీసుకొని, ఒక్కో గడికి గురిపెట్టి లెక్కలు రాసుకున్నాను. ఆయన అవేమీ చూడలేదు. ఇంటి నుంచి గంజి తెచ్చాడు. మగ్గం పోగులకు పట్టించే గంజి. అందులో సుద్దపొడి కలిపి, చీపురు పుల్లల కుంచెతో రేడియేటర్ ముఖమంతా పల్చగా పూశాడు. ఇంజన్ నడిపించాడు. నీళ్లు బాగా పారే చోట గంజి ఎండి తెల్లబడింది. పారని చోట తడిగా, నల్లగా ఉండిపోయింది. ఎడమ పక్క దాదాపు మూడో వంతు నల్లగా ఉంది. నా లెక్కలు చూస్తే ఎడమ, కుడి అంతా ఒకటే.

నా పరికరం లక్షల ఖరీదు చేసేది కాకా, అది తప్పు చెప్పదు అన్నాను.

"అట్లనా మేడం," అన్నాడు. చాయ్ రాలేదు.

ఆ రాత్రి అన్నం తింటుండగా వెలిగింది. మెరిసే లోహానికి గురిపెడితే ఆ థర్మామీటర్ వేడిని సరిగ్గా చెప్పదు. డాక్టర్ గారు ఆ ఇత్తడిని చింతపండుతో తోమించి అద్దంలా ఉంచారు. ఈ ముక్క నేను ఇరవయ్యేళ్లుగా రెండో సంవత్సరం పిల్లలకు చెబుతున్నాను, పరీక్షలో అడుగుతున్నాను, రాయకపోతే మార్కులు కోస్తున్నాను. మర్నాడు వెళ్లి, ఇంజన్ నడిపించి, ఇత్తడి మెరుపును కప్పేసిన ఆ గంజి పూత మీదే గురిపెట్టి చూస్తే అంకెలు గంజి చెప్పినట్టే వచ్చాయి. ఆయన సంతోషపడలేదు, ఎగతాళి చెయ్యలేదు. గంజి ఇంకొంచెం పల్చగా ఉండాల్సింది అన్నాడు. ఓడిపోయిన మనిషికి అంతకన్నా మంట పుట్టించే మాట ఉండదు.

మూసుకుపోయిన గొట్టాలన్నీ విప్పి చెయ్యాలంటే పైటాంకు ఊడదియ్యాలి, రెండు నెలలు పడుతుంది అన్నాడు ఆయన. డాక్టర్ గారికి అంత ఓపిక లేదు. ఉగాది తర్వాత స్నేహితులందరినీ పిలిచి బ్రిడ్జి ఎక్కించి చూపిస్తానని మాట ఇచ్చేశారు. సరేనని మేస్త్రి ఆ కొద్ది రోజుల్లోనే మందునీళ్లు పట్టించి కడిగి, అందినంత వరకు పొడిచి, రెండు చోట్ల టంకం పెట్టాడు. ఒకసారి మెల్లగా ఎక్కితే ఎక్కుతుంది, ఇప్పుడున్నది ఉన్నట్టు ఉంటే అని చెప్పాడు. ఆ మాట నేను చెవిన పెట్టి ఉండాల్సింది.

ఆ పొద్దున డాక్టర్ గారింట్లో కారుకు పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రి ముందుగానే తన మోపెడ్ మీద బ్రిడ్జి దగ్గరికి వెళ్లిపోయాడు, పైన నిలబడి చూస్తానని. వచ్చినవాళ్లంతా టిఫిన్లకు లోపలికి వెళ్లారు. ఇంజన్ నడుస్తోంది. నేనొక్కదాన్నే కారు దగ్గర ఉన్నాను. రేడియేటర్ కింది అతుకు దగ్గర చుక్క కనపడింది. ఒక చుక్క, మళ్లీ ఒక చుక్క. మేస్త్రికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

లారీ డ్రైవర్లకు ఒక చిట్కా ఉంది. రేడియేటర్ కారుతుంటే లోపల పిడికెడు పసుపు పోస్తారు. పసుపు వెళ్లి ఆ సందులో ఇరుక్కొని కారడం ఆపుతుంది. అది నిజమే. అయితే మిగిలిన పసుపు గొట్టాల్లో ఉబ్బి, మడ్డి కట్టి, ఉన్న దారి మూస్తుంది. మేస్త్రికి లోకంలో దేని మీదైనా పగ ఉందంటే ఈ చిట్కా మీదే. పసుపు పోసుకొచ్చిన డ్రైవర్‌ను తండ్రి వయసువాడైనా వదిలేవాడు కాదు. "పసుపు గడపకు వెట్టురా, పెండ్లిపిల్లకు వెట్టు. దీన్లె పోస్తే దీని పీక వట్టినట్టే," అని యార్డంతా వినపడేట్టు తిట్టేవాడు. పన్నెండేళ్లలో ఆ తిట్లు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

పూజ పళ్లెం నా ముందే ఉంది. పసుపు అందులోనే ఉంది. రేడియేటర్ మూత తీసి, పిడికెడు పోశాను.

ఎందుకు పోశావని నన్ను నేను ఇప్పటికీ అడుగుతాను. నలుగురు పెద్దమనుషుల ముందు నవ్వులపాలవుతామన్న భయం ఒకటి. ఆయన ఫోన్ ఎత్తలేదన్న కసి ఒకటి. ఐదు నిమిషాల్లో చుక్క ఆగిపోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అప్పుడు నాకు గర్వంగా అనిపించింది.

బ్రిడ్జి సగం ఎక్కేసరికి మూత మీద థర్మామీటర్‌లో ఎరుపు పైదాకా వచ్చింది. ఇంకో పది గజాలకు మూత సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. డాక్టర్ గారు కారు ఆపారు. వెనక బస్సులు, ఆటోలు, ఒకటే హారన్లు. పైనుంచి మేస్త్రి దిగి వచ్చాడు, తుండుగుడ్డ చేతికి చుట్టుకుంటూ. ఆవిరి తగ్గేదాకా ఆగి మూత తీశాడు. లోపల వేలు పెట్టి, బయటికి తీసి, చూసుకున్నాడు. నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన ఆ వేలిని లుంగీకి తుడుచుకొని, "తప్పు నాదే సారు. సరిగ్గ కడుగలే," అన్నాడు.

నేను మాట్లాడలేదు. మా వెనక బండ్లలో వచ్చినవాళ్లలో నా విద్యార్థి తండ్రి ఒకాయన ఉన్నాడు. మా ప్రిన్సిపాల్ ఉన్నాడు.  డాక్టర్ గారు మేస్త్రిని ఏమేమి అనాలో అన్నీ అన్నారు. వయసు మీద పడ్డప్పుడు పని మానుకోవాలి అని కూడా అన్నారు.

మర్నాడు మేస్త్రి ఒక్కడే సుబేదారి వెళ్లి, ఏం చెప్పాడో ఏమో, పాత సామానుకు వెయ్యకుండా దసరా దాకా గడువు తెచ్చుకున్నాడు. రేడియేటర్ విప్పి మోపెడ్ వెనక కట్టుకొని షెడ్డుకు తెచ్చుకున్నాడు. నేను వెళ్లాను. కాకా, పసుపు పోసింది... అని మొదలుపెట్టాను. ఆయన గాలి మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఏమీ వినపడదు. మిషను ఆగాక మళ్లీ మొదలుపెట్టాను. "ఆ చట్రం ఇటియ్యి బిడ్డా," అన్నాడు. మేడం అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. దారిన పోయే డ్రైవర్లకు దొరికిన తిట్లు నాకు దొరకలేదు.

ఆ ఎండాకాలమంతా ఆయన పైటాంకు ఊడదీసి, ఒక్కో గొట్టంలో మగ్గం రేకు దించి మడ్డి తీశాడు. సగానికి సగం పసుపచ్చగా వచ్చేది. ఆదివారాలు నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. మడ్డి గిన్నెలో పడుతుంటే చూడలేక ముఖం తిప్పుకునేదాన్ని. ఆయనకు దగ్గు అప్పుడే మొదలైంది. దవాఖానకు పోదామంటే, టంకం పొగ బిడ్డా, మామూలే అని కొట్టిపారేసేవాడు. కోపమొచ్చి రెండు వారాలు వెళ్లలేదు. ఆ రెండు వారాలు ఇప్పుడు ఎవరిస్తారు?

నా వంతుగా నేను చేసిన పని ఒక్కటుంది. ఒకరోజు రేడియేటర్‌ను కారు ముందు నిలబెట్టి కాసేపు ఇంజన్ నడిపినప్పుడు, ఇంజనుతో తిరిగే ఫ్యాను గాలి ఎటు పోతోందో చూడ్డానికి దాని ముందు అగరువత్తి పొగ పట్టాను. మధ్యలో పొగ లోపలికి లాగుతోంది, అంచుల్లో తిరిగి వచ్చేస్తోంది. ఫ్యాను చుట్టూ రేకు కడితే గాలి పక్కలకు జారకుండా రేడియేటర్ గుండానే వస్తుంది కాకా అన్నాను. పూజ చేస్తున్నావా దీనికి అని ఎగతాళి చేశాడు. మూడు రోజుల తర్వాత వెళ్తే గుండ్రంగా రేకు కొట్టి, అంచులు మడిచి, అతికించి పెట్టాడు. "ఉడుకును గెదిమితే పోదు. తొవ్వ జూపియ్యాలె," అన్నాడు, ఆ ఆలోచన మొదటి నుంచీ తనదే అయినట్టు. నాకు ఏమాత్రం బాధ కలగలేదు.

బిగించే ముందు బకెట్ నీళ్లు పైనుంచి పోసి, కిందికి ఖాళీ అయ్యేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. మొదటి రోజుల్లో నలభై దాకా వచ్చేది. ఆ రోజు పదిహేడుకే ఖాళీ అయింది. డాక్టర్ గారిని కూడా తొట్టి మీద వంగి చూడమన్నాడు. ఆయన చూడనన్నారు. ఆయన బదులు నేను చూశాను.

దసరాకు వారం ముందు, మధ్యాహ్నం ఎండలో, మళ్లీ బ్రిడ్జి. ఈసారి పూజ లేదు, జనం లేదు. డాక్టర్ గారు, నేను కార్లో. మేస్త్రి పైన, బ్రిడ్జి కమ్మీల దగ్గర, మావైపు వీపు పెట్టి నిలబడ్డాడు. కింద పట్టాల మీద గూడ్స్ బండి పోతుంటే దాన్ని చూస్తున్నాడు. కారు ఎక్కింది. ఎరుపు సగం దగ్గరే ఆగిపోయింది. పైన డాక్టర్ గారు ఆపి దిగి, నా చెయ్యి పట్టుకొని, చదువుకున్నవాళ్ల చెయ్యి పడితే వేరే మేడం, ఆ రేకు ఆలోచన అద్భుతం అన్నారు. మేస్త్రి పక్కనే ఉన్నాడు. సార్, మీకు ఒకటి చెప్పాలి, మొదటిసారి... అని నేను నోరు తెరిచాను.

"సారుకు ఆలస్యమైతాంది. నడువు బిడ్డా, చాయ్ తాగుదాం," అన్నాడు మేస్త్రి, నా జబ్బ పట్టుకొని.

నడిచాను. అదే నాకు కొరుకుడు పడనిది. ఆయన ఆపాడు సరే, నేను ఎందుకు ఆగాను? ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో చెబుదామనుకున్నాను. ఆ లోపే దగ్గు ఆయాసమైంది. ఆయాసం ఆయనను తీసుకుపోయింది.

పదకొండో రోజు వెళ్లాను. షెడ్డు ముందు టెంటు వేసి, యార్డు డ్రైవర్లు, హమాలీలు, మగ్గాల వాళ్లు బంతిలో కూర్చున్నారు. చిన్నమ్మ ఎవరెంత చెప్పినా వినకుండా తనే కూర వడ్డిస్తోంది. నా పక్కన ఒక ముసలి లారీ డ్రైవరు. మేస్త్రి చేతిలో అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది తనేనని గొప్పగా చెప్పుకొన్నాడు. తర్వాత నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు, "ముప్పై ఏండ్లు మమ్ముల తిట్టిండు మేడం. ఆఖరికి డాక్టర్ సారు కార్ల తనే పసుపు పోసిండు. సారు ఇంటికి పోయి తనే ఒప్పుకున్నడట, తొందరల పోసిన అని. సారు డ్రైవరు చెప్పిండు. ఇగ మేం ఊకుంటమా? ఎవడు వచ్చినా ఓ పసుపు పొట్లం తెచ్చి, ఇగో మేస్త్రీ నీకే అని చేతుల వెట్టుడే."

బంతిలో నలుగురు నవ్వారు.  రేడియేటర్ పనికిరానిది కాదు, పసుపే దాన్ని మూసిందని చెప్పడానికి ఆ పసుపును తన మీద వేసుకొని గడువు తెచ్చుకున్నాడని అప్పుడు తెలిసింది. ఎండాకాలమంతా గొట్టాల్లోంచి నా పసుపు తీస్తూ, బయట ఆ పొట్లాలు అందుకుంటూ కూర్చున్నాడు. ఆ నోరున్న మనిషి ఒక్కరినీ తిరిగి అనలేదట.

"పసుపు పోసింది ఆయన కాదు," అన్నాను. "నేను."

 ముసలి డ్రైవరు నావైపు చూసి, మెల్లగా అడిగాడు, "మరి ఆయనెందుకు చెప్పలే?"

 జవాబు చిన్నమ్మ చెప్పింది, కూర గిన్నె చంకకు ఆనించుకొని. "నేనూ అడిగిన. నన్ను నవ్వేది మన డ్రైవర్లేనే, ఆ బిడ్డను నవ్వితే సదువు చెప్పే కాడ నవ్వుతరు అన్నడు. ఎవలకూ చెప్పకు అన్నడు. నేను చెప్పలే."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, అదే మంచిది.

కాసేపటికి ముసలి డ్రైవరు అడిగాడు. "వదినె, మేం ఇచ్చిన పొట్లాలు ఉన్నయా? పారేసిండా?"

"పారేస్తడా? ఒక్కోటి తెచ్చి నాకే ఇచ్చెటోడు, ఇంట్లకు పనికొస్తది అని," అన్నది చిన్నమ్మ. "డబ్బా నిండింది. ఇయ్యాల ఇంతమందికి కూర వండేసరికి అయిపోయినయ్."

ముసలి డ్రైవరు తన విస్తరిలోకి చూసుకున్నాడు. అన్నం అప్పటికే కలిపి ఉంది. ఇంకోసారి కలిపాడు. ముద్ద చేసి, నోటి దాకా తేలేక, మళ్లీ విస్తరిలోనే పెట్టి, పచ్చబడ్డ వేళ్లు అలాగే ఉంచుకొని కూర్చున్నాడు.